సోమవారం లేవని బండి

బోగోలు,
8 జూలై 2024

తమ్ముడు బెన్హర్‌కు అక్క జయశీల వందనాలు.

ఉత్తరం రాస్తే ముందు క్షేమం రాయాలని సండేస్కూల్లో నేర్పించారు. నేనూ మా అత్తా తింటున్నాం, పడుకుంటున్నాం, లేస్తున్నాం. దాన్నే క్షేమం అంటే క్షేమమే. లేవనిది బండి ఒక్కటే.

మీ బావ పికప్ సంగతి రాస్తున్నా. శనివారం మధ్యాహ్నం ఇంటి ముందు ఆపితే సోమవారం తెల్లారి తాళం తిప్పగానే టిక్ టిక్ మని మూలుగుతుంది, అంతే. మామూలు రోజుల్లోనూ ఒకరోజు లేస్తే ఇంకో రోజు మొండికేస్తుంది. వేట నిషేధం అయిపోయి పడవలు మళ్ళీ సముద్రంలోకి పోయినప్పటి నుంచీ ఇదే వరస. ఈరోజు నలుగురిని బతిమాలి తోయించుకుని జువ్వలదిన్నె రేవుకు చేరేసరికి చేపల వేలంపాట అయిపోయింది. వంజరాలన్నీ కావలి వాళ్ళు ఎత్తుకుపోయారు. నాకు మిగిలినవి చవక చేపలు, కానాగంతలు, అవి కూడా పొట్టలు పగిలినవి. రోజూ నా దగ్గర కొనే హోటలాయన బుట్టలో చెయ్యి పెట్టి చూసి పక్కామె దగ్గర కొనుక్కుని పోయాడు.

మెకానిక్ చెంగయ్య "బ్యాటరీ ముసిల్దైపోయిందక్కా" అని వేరే బ్యాటరీ తెచ్చి పెట్టినాడు. అదీ ఇంతే. బండి ఆగున్నప్పుడు ఏదో కరెంటు లాగేస్తా ఉందంట. ఏది లాగుతుందయ్యా అంటే తల గోక్కుంటాడు.

కరెంటు పనిలో నీ అంతటివాడు మన చుట్టుపక్కల లేడు. అందుకని రాస్తున్నా. కానీ ముందే చెబుతున్నా, నువ్వు బయటికి రావడానికి సంతకం మాత్రం పెట్టను. మే నెలలో మన పిన్ని కూతురు స్వర్ణ పెళ్ళికని సంతకం పెట్టి పిలిపిస్తే నాయుడుపేటలో బస్సు దిగిపోయావు. పెళ్ళికూతురు అత్తారింటికి పోయాక దొరికావు. కాబట్టి ఏం చెయ్యాలో రాయి. నేనే చేసుకుంటా. మీకు అక్కడ ఫోన్ ఇవ్వరు గనక కాగితమే గతి. ఉత్తరాలు వార్డెన్‌గారు చదివాకే ఇస్తారంట కదా, చదువుకోనీ.

మీ బావ పోయి అయిదో నెల. అత్త ఇంకా నా మొహంలోకే చూస్తూ ఉంటుంది. "ఒక్కసారి ఏడ్చెయ్యే తల్లీ, లోపలే పెట్టుకుంటే గుండె పగిలిపోద్ది" అంటుంది. కొడుకును పోగొట్టుకున్న మనిషి, ఆమెకేం చెప్పను? ఏడుపు రావడం లేదు. ఏమీ అనిపించడం లేదు. చేపలు తెస్తున్నా, అమ్ముతున్నా.

జవాబు తొందరగా రాయి. బండి గురించి మాత్రమే రాయి.

అక్క
జయశీల


తడ,
13 జూలై 2024

అక్కకు వందనాలు. నా కన్నా ముందు చదువుతున్న వార్డెన్ పెంచలకృష్ణ అన్నకు కూడా వందనాలు.

నీ ఉత్తరం వచ్చిందంటే మొదట భయమేసింది. అత్తకు ఏమైనా అయిందేమో అనుకున్నా. బండికి జబ్బు అని చదివాక ప్రాణం లేచొచ్చింది. మందు మాన్పించే ఈ ఇంట్లో పొద్దున ప్రార్థన, ఆ పైన వంట, ఆ పైన అందరం గుండ్రంగా కూర్చుని మన గురించి మనం చెప్పుకోవడం. ఇన్నాళ్ళకు నన్నొకరు పని గురించి అడిగారు.

అక్కా, ఇది గంట పని. రెండు రోజులు సంతకం పెట్టు, వచ్చి చేసిపెట్టి మళ్ళీ వచ్చేస్తా. కావాలంటే నాయుడుపేట దాటేదాకా నన్ను సీటుకు కట్టెయ్యమను.

పెట్టవు. తెలుసు. సరే, విను.

మీ ఇంట్లో అటక మీద నా ఇనప పెట్టె ఉంది. అందులో పసుపు రంగు మీటరు ఉంటుంది. ఎర్ర వైరు మూలనున్న పది ఆంపియర్ల బొక్కలో గుచ్చు. బండి ఆపి, తాళం తీసి, బ్యాటరీ నెగెటివ్ క్లాంపు ఊడదియ్. ఊడిన వైరుకి మీటరు కొస ఒకటి, బ్యాటరీ మొలకి రెండో కొస. అంటే బండి తాగే కరెంటంతా మీటరులో నుంచే పోవాలి. అట్లా పెట్టి ఊరికే కూర్చో. అరగంట. మీటరు మధ్యలో ఉండగా పొరపాటున కూడా తాళం తిప్పొద్దు, మీటరు కాలిపోతుంది. నా పెళ్ళికి కొనుక్కున్న మీటరు అది. పెళ్ళి నిలవలేదు గానీ మీటరు నిలిచింది.

నిద్రపోతున్న బండి సున్నా పాయింట్ సున్నా అయిదు కంటే ఎక్కువ తాగకూడదు. ఎక్కువుంటే ఫ్యూజులు ఒక్కొక్కటే పీకు. ఏది పీకినప్పుడు అంకె పడిపోతుందో దొంగ ఆ దారిలో ఉన్నట్టు.

బావ గురించి నాకూ రాయడం రావడం లేదు. ఏడుపు రాకపోతే రాకపోనీ. ఇక్కడ మాకు వద్దన్నా వస్తుంది, గుంపులో కూర్చోబెట్టి మరీ రప్పిస్తారు.

నీ తమ్ముడు
బెన్హర్


బోగోలు,
20 జూలై 2024

బెన్హర్‌కు,

మీటరు దొరికింది. నువ్వు చెప్పినట్టే పెట్టా. ఒకటి పాయింట్ రెండు చూపించింది. ఫ్యూజులన్నీ పీకా. ఒకటి పీకితే పాయింట్ నాలుగుకు దిగింది. అదేంటని చెంగయ్యను అడిగితే లోపలి లైటు ఫ్యూజు అన్నాడు. లైటు ఫ్యూజు పీకేసి రాత్రి అట్లాగే వదిలేశా. తెల్లారి బండి లేచింది. నీకు మంచి మాట రాద్దామని కూడా అనుకున్నా. ఆ మర్నాడు మళ్ళీ టిక్ టిక్.

ఎండలో కూర్చుని మీటరు చూస్తుంటే పక్కింటి వనజాక్షి వచ్చి "ఏంది జయమ్మా, బండికి బీపీ చూస్తా ఉండావా?" అని నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వు వస్తుంది, చూశావా? అది వస్తుంది.

అత్తకు కీళ్ళ నొప్పులు. నీ కోసం రోజూ ప్రార్థన చేస్తుంది. నువ్వు ఏదో ఊళ్ళో పనికి పోయావని అనుకుంటున్నట్టే నటిస్తుంది పాపం, నేను సిగ్గుపడతానని.

ఏం చెయ్యాలో రాయి.

జయశీల


తడ,
25 జూలై 2024

అక్కా,

తలుపు తెరుచుకుని కూర్చున్నావు కదూ? ఎవరైనా చేసే పొరపాటే. ఫ్యూజుల డబ్బా స్టీరింగు కింద, దాన్ని చూడాలంటే తలుపు తియ్యాలి, తలుపు తీస్తే పైన లైటు వెలుగుతుంది. నువ్వు దొంగను పట్టుకోవడానికి దీపం వెలిగించుకుని కూర్చుని, దీపాన్నే దొంగ అనుకున్నావు. తలుపు అంచున చిన్న బొడిపె ఉంటుంది, దాన్ని రబ్బరు బ్యాండుతో నొక్కి కట్టెయ్. లైటు ఆరిపోతుంది. అప్పుడు చూడు.

ఇంకోటి. పాయింట్ నాలుగు మిగిలిపోయిందంటే అసలు దొంగ అదే. అన్ని ఫ్యూజులూ పీకినా ఆ నాలుగు దిగకపోతే, ఫ్యూజుల డబ్బాతో సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీ నుంచే ఎవరో లాగుతున్నారు. అట్లాంటప్పుడు మీటరుతో పని లేదు. చెయ్యి చాలు. బండిలో అక్కడక్కడా అగ్గిపెట్టెంత నల్ల డబ్బీలు ఉంటాయి, వాటిని రిలేలు అంటారు. పని ఉన్నప్పుడే వాటికి కరెంటు అందాలి, పని లేనప్పుడు చచ్చినట్టు చల్లగా పడుండాలి. బండి ఆపి రెండు గంటలయ్యాక కూడా ఏ డబ్బీ వెచ్చగా ఉందో అదే నీ బ్యాటరీని తినేది. కనపడిన ప్రతి నల్ల డబ్బీనీ ముట్టుకుని చూడు. ఒక్కటీ వదలొద్దు.

అత్త నటిస్తోందని రాశావు. నువ్వు సిగ్గుపడుతున్నావా అక్కా? నా గురించి? అడగకూడదేమో. బండి గురించే రాయమన్నావు.

సంతకం పెడితే ఇదంతా ఒక్క పూట పని. ఊరికే గుర్తు చేస్తున్నా.

బెన్హర్


బోగోలు,
2 ఆగస్టు 2024

బెన్హర్‌కు,

రబ్బరు బ్యాండు కట్టా. పాయింట్ నాలుగే. ఫ్యూజులు అన్నీ పీకినా పాయింట్ నాలుగే. అంటే నువ్వు చెప్పిన రెండోదే.

నిన్న మధ్యాహ్నం బండి ఆపాక ఐసు లారీ వచ్చింది. ఐసు దించుకుని, పగలగొట్టి, డబ్బాల్లో సర్దుకున్నా. ఆ పని కాగానే మళ్ళీ ఎక్కడ మరిచిపోతానోనని చీర కొంగుతో చేతులు తుడుచుకుని బండి దగ్గర కూర్చున్నా. డాష్‌బోర్డు కింద వరసగా ఉన్నవి, ఇంజిన్ పక్కన ఉన్నవి, సీటు వెనక పెద్దదొకటి ఉంది, అదీ. అన్నీ ముట్టుకున్నా. అన్నీ చల్లగానే ఉన్నాయి. ఒక్కటి కూడా వెచ్చగా లేదు.

సిగ్గుపడుతున్నావా అని అడిగావు. బావను సమాధిలో దించినప్పుడు కూడా నాకు ఏమీ అనిపించలేదురా. నీ గురించి పడటానికి సిగ్గు ఎక్కడి నుంచి తేను?

జయశీల


తడ,
7 ఆగస్టు 2024

అక్కా,

అన్నీ చల్లగా ఉన్నాయంటే రిలేలు కాదు. సీటు వెనక పెద్దది ఎందుకుందో నాకూ తెలియదు, బావ ఎప్పుడు పెట్టించాడో ఏమో. చల్లగా ఉంది కాబట్టి వదిలెయ్.

ఇక మిగిలింది ఆల్టర్నేటరు. బండి నడిచేటప్పుడు బ్యాటరీకి కరెంటు నింపేది అదే. దాని లోపల డయోడ్లు చెడిపోతే, నింపాల్సింది పోయి బండి ఆగాక తిరిగి తాగేస్తుంది. ఇంటి కాపలాకి పెట్టుకున్న కుక్క చట్టిలో కూడు తిన్నట్టు. వెనక లావు వైరు ఒకటుంటుంది. చెంగయ్య చేత ఒక రాత్రికి అది ఊడదీయించి చూడు. తెల్లారి బండి లేస్తే ఆల్టర్నేటరే. దానిమీద చెయ్యి వేసే ముందు బ్యాటరీ క్లాంపు తియ్యమను, లేకపోతే నిప్పులు లేస్తాయి.

నాకు ఇక్కడ వంటింటి పని వేశారు. మిరపకాయలు తరుగుతున్నా. నీళ్ళ సాంబారు బాగా చేస్తానని పేరొచ్చింది, నీళ్ళు కలిపింది ఏదైనా ఇక్కడి అన్నలందరికీ అలవాటైన రుచే కదా. పెంచలకృష్ణ అన్న ఈ వాక్యం కింద గీత గీసినా గీస్తాడు.

మొన్న గుంపులో కూర్చున్నప్పుడు ఒకాయన "ఎందుకు బయటికి పోవాలనుకుంటున్నావ్?" అని అడిగాడు. అక్క బండి అన్నా. అందరూ నవ్వారు. నేను కోప్పడ్డా. నిజంగానే అక్క బండి.

బెన్హర్


బోగోలు,
17 ఆగస్టు 2024

బెన్హర్,

చెంగయ్య లావు వైరు ఒక్కటే ఊడదీసి ఊరుకోలేదు. "పనిలో పనిగా విప్పించి బాగు చేయించేస్తా" అని ఆల్టర్నేటరు మొత్తం ఊడబీకి కావలికి పంపినాడు. వారం రోజులు బండి లేదు. వాళ్ళేదో మార్చి తెచ్చి బిగించారు. ఈరోజు తెల్లారి మళ్ళీ టిక్ టిక్.

ఒక్క మాట అడుగుతా, నిజం చెప్పు. నువ్వు కావాలనే నన్ను తిప్పుతున్నావా? మొదట మీటరు అన్నావు, తర్వాత లైటు అన్నావు, తర్వాత డబ్బీలు, తర్వాత ఆల్టర్నేటరు. ప్రతి ఉత్తరంలోనూ బయటికి రావడం మాటే. అక్క విసిగిపోయి చివరికి సంతకం పెడుతుందిలే అని చూస్తున్నావా? మిగతావాళ్ళతో ఆడుకో, నాతో ఆడొద్దు.

ఇంక అవసరం లేదులే. చిట్టమూరు నుంచి రొయ్యల గుంటలాయన వచ్చి బండి చూసుకుని పోయాడు. వచ్చే నెలలో తీసుకుపోతానన్నాడు, సరేనన్నాను. రొయ్యలు ఒలిచే ప్లాంటులో ఆడవాళ్ళను తీసుకుంటున్నారు, అక్కడికి పోతా. నిలబడి చేసే పని. ఆలోచించాల్సిన పని లేదు.

బండి పోతే బాధ కలుగుతుందేమోనని ఎదురుచూస్తున్నా. మీ బావ నాకు డ్రైవింగ్ నేర్పించిన బండి. ఆడది పికప్ తోలేదేంటని ఊరంతా నవ్వినప్పుడు, పక్క సీట్లో కూర్చుని వేరుశెనక్కాయలు నములుతూ "గేరు మార్చవే" అన్న మనిషి. అదంతా గుర్తుంది. గుర్తుండటమే ఉంది, ఇంకేమీ లేదు. అత్త మాత్రం ఏడ్చింది.

జయశీల


తడ,
21 ఆగస్టు 2024

జయశీలకు,

తిప్పుతున్నానా నేను? పేరుకు తమ్ముణ్ణి, లోకానికి తాగుబోతుని, ఇప్పుడు అక్కకు మోసగాణ్ణి కూడా. బాగుంది. అమ్ముకో బండిని. ప్లాంటుకి పో. నాకెందుకు రాస్తావు?

22 ఆగస్టు

పైన రాసింది కొట్టెయ్యకుండా వదిలేస్తున్నా. నిన్న వార్డెన్ అన్న కవరు అంటించకుండా నా చేతికే తిరిగిచ్చి "రేపు పొద్దునదాకా నీ దగ్గరే పెట్టుకో తమ్ముడూ, రేపు కూడా పంపాలనిపిస్తే పంపుదాం" అన్నాడు. ఆయన కూడా ఒకప్పుడు నాలాంటివాడేనంట.

పొద్దున నీ ఉత్తరాలన్నీ తీసి మళ్ళీ చదివా. నిన్ను తిట్టడానికి ఇంకేమైనా దొరుకుతుందేమోనని చదివా. దొరికింది వేరే. "ఐసు దించుకుని, పగలగొట్టి, డబ్బాల్లో సర్దుకున్నా" అని రాశావు. దాని తర్వాత వాక్యంలో కొంగుతో చేతులు తుడుచుకుని డబ్బీలు ముట్టుకున్నావు.

అక్కా, మధ్యాహ్నమంతా ఐసులో చేతులు పెట్టినదానివి. నీ వేళ్ళకు అప్పుడు నిప్పు పెట్టినా తెలియదు. వెచ్చగా లేవని నువ్వు రాసింది అబద్ధం కాదు. నీకు తెలియలేదు, అంతే. నేను నీ చేతుల్ని నమ్మి రిలేలు వదిలేసి ఆల్టర్నేటరు వెనక పడ్డా. తప్పు ఇద్దరిదీ కాదు, లేకపోతే ఇద్దరిదీ.

ఇది నాకు ఎందుకు తట్టిందో చెప్పాలి. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. నా వేళ్ళ కొసలకు స్పర్శ పోయింది. మందు నరాలను తినేసిందంట. ఒకసారి నా రిపేరు అంగట్లో వైర్లు అతికే సోల్డరింగ్ ఐరన్ వేలికి అంటుకుంటే, మాంసం కాలిన వాసన వచ్చాక చూసుకున్నా. స్క్రూ చేతిలో ఉందో కింద పడిందో చూస్తే గాని తెలియదు. ఇక్కడి డాక్టరమ్మ "మెల్లగా తిరిగొస్తే రావచ్చు, రాకపోనూవచ్చు, మానెయ్యడం ఒక్కటే మన చేతిలో ఉంది" అంటుంది.

మరి పని ఎట్లా చేశానంటే, రిలేను కింది పెదవికి ఆనించి చూసేవాణ్ణి. పెదవికి ఇంకా తెలుస్తుంది. కస్టమర్లు అడిగితే దుమ్ము ఊదుతున్నా అనేవాణ్ణి.

సంతకం ఎందుకు అడుగుతున్నానో కూడా చెప్పేస్తున్నా. బండి కోసం సగమే. మందు కోసం కూడా కొంచెం, దాచను, వార్డెన్ అన్నా చదువుకో. ఎక్కువగా ఈ చేతులు ఇంకా పనికొస్తాయో లేదో చూసుకోవాలని. పనికిరాకపోతే బయటికి వచ్చి నేనేం చేస్తానక్కా? ఏం చేసి బతుకుతాను? నాకు భయంగా ఉంది.

బండిని ఇప్పుడే ఇచ్చెయ్యొద్దు. ఒక్కసారి, ఐసు ముట్టుకోకముందు, ప్రతి డబ్బీకీ పెదవి ఆనించి చూడు. పైదంతా ప్లాస్టిక్కే, షాక్ కొట్టదు. సీటు వెనక పెద్దదానికి ముందు చూడు.

నీ తమ్ముడు
బెన్హర్


బోగోలు,
3 సెప్టెంబరు 2024

తమ్ముడు బెన్హర్‌కు,

నీ ఉత్తరం చదివి రెండు చేతులూ బుగ్గల మీద పెట్టుకుని చూసుకున్నా. అప్పుడే ఐసు సర్ది వచ్చా. చెంపలకు చేతులు తెలిశాయి గానీ చేతులకు చెంపలు తెలియలేదు. ఇన్నేళ్ళుగా ఐసులో పని చేస్తున్నా, ఒక్కసారైనా తట్టలేదు చూడు.

ఆదివారం చర్చికి పోలేదు. శనివారం నుంచి బండి కదల్లేదు, ఐసు రాలేదు. నాకు చేతుల మీద నమ్మకం పోయింది గనక నువ్వు చెప్పినట్టు పెదవితోనే చూశా. డాష్‌బోర్డు కింద తల దూర్చి ఒక్కొక్కదానికీ ఆనించా. తర్వాత సీటు ముందుకు మడిచి, వెనక మోకాళ్ళ మీద కూర్చుని పెద్దదానికి ఆనించా.

వెచ్చగా ఉందిరా. ఎక్కువేం కాదు. జ్వరం దిగుతున్న పిల్లవాడి నుదురు ఉంటుంది చూడు, అంత.

చాలాసేపు అట్లాగే ఉండిపోయా. దొంగ దొరికింది కదా, లేవచ్చు కదా. లేవలేదు. ఎందుకు లేవలేదో నాకు తెలియదు.

సరిగ్గా అప్పుడే చర్చి వదిలారు. స్త్రీల సమాజం వాళ్ళు బైబిళ్ళు పట్టుకుని మన ఇంటి మీదుగానే పోతున్నారు. సీటు వెనక కళ్ళు మూసుకుని బండిని ముద్దు పెట్టుకుంటున్న నేను వాళ్ళకు కనపడ్డా. వనజాక్షి కేక పెట్టింది. అత్త కర్ర కూడా లేకుండా పరిగెత్తుకొచ్చి "నా తల్లే, ఇప్పటికి తెలిసొచ్చిందా నీకు, ఇప్పటికి గుర్తొచ్చినాడా" అని నన్ను వాటేసుకుని గొల్లుమని ఏడ్చింది. అందరూ చుట్టూ చేరి ఏడ్చారు. ఒకామె పాట ఎత్తుకుంది. నేను "రిలే, రిలే" అంటే, ఏదో అన్యభాషలో ప్రార్థన చేస్తున్నాననుకుని "స్తోత్రం" అన్నారు. వాళ్ళంతా పోయేదాకా అత్త భుజం తడుతూ కూర్చున్నా. నాకు మాత్రం ఏడుపు రాలేదు. కానీ వెచ్చగా ఉందని తెలిసింది. ఫిబ్రవరి నుంచీ నాకు ఏదైనా తెలిసిందంటే అదొక్కటే.

చెంగయ్యను పిలిపించి ఆ డబ్బీ వైరు వెంట పోయాం. మీ బావ హేచరీ నుంచి రొయ్యపిల్లలు మోసే రోజుల్లో తొట్లకు గాలి కొట్టే మోటారు పెట్టించుకున్నాడు, గుర్తుందా? టీ తాగడానికి బండి ఆపినా పిల్లలు చావకూడదని తాళంతో పని లేకుండా దానికి నేరుగా బ్యాటరీ నుంచి కరెంటు ఇప్పించాడు. మోటారు ఎప్పుడో తీసేశాడు, డబ్బీ ఉండిపోయింది. సీటు కింద స్విచ్ ఉంది. మీ బావ దాన్ని సరిగ్గా ఆఫ్ చేసే పెట్టాడు. ఉప్పుగాలికి స్విచ్ లోపల పచ్చగా చిలుము పట్టి రెండు రేకులూ కలిసిపోయి, ఆఫ్‌లో ఉన్నా డబ్బీకి కరెంటు పోతూనే ఉంది. చెంగయ్య వైరు కత్తిరించి టేపు చుట్టాడు. మీటరు సున్నా పాయింట్ సున్నా రెండు.

సోమవారం ఒక్క తిప్పుకి లేచింది. పాట మొదలవకముందే రేవులో ఉన్నా. ఆడవాళ్ళెవరో "వచ్చిందే జయమ్మ!" అన్నారు. సంతోషం వేసిందా అని అడగొద్దు. వంజరాలు తెచ్చా. చిట్టమూరు ఆయనకు ఇవ్వనని చెప్పేశా.

ఇక నీ సంగతి. బయటికొచ్చి ఏం చేస్తానని అడిగావు. నాకు తెలియదు. తెలుసని రాస్తే నువ్వు నమ్మవు కూడా. నా చేతుల సంగతే నాకు తెలియలేదు, నీ చేతుల గురించి నేనేం చెబుతా? నువ్వు తిప్పుతున్నావని అన్నందుకు మాత్రం బాధగా ఉంది. నిజంగానే ఉంది, రాయడానికి రాయడం కాదు.

ఈ కవర్లో సంతకం పెట్టిన కాగితం ఉంది. ఇప్పుడు బండికి నువ్వు అక్కర్లేదు, అందుకే పెట్టా. అవసరంలో ఉన్నప్పుడు పెట్టి ఉంటే నువ్వు బండిని అడ్డం పెట్టుకుని వచ్చేవాడివి, నేను బండిని అడ్డం పెట్టుకుని రానిచ్చేదాన్ని. ఇప్పుడు వస్తే నువ్వు రావాలనుకుని వచ్చినట్టు. తేదీ వెయ్యలేదు. నువ్వే వేసుకో. వస్తే గుమ్మం తీస్తా. నాయుడుపేటలో దిగిపోతే మాత్రం ఈసారి వెతకడానికి రాను. రాలేను. నాలో ఇంక అంత లేదు.

అక్క
జయశీల


తడ,
9 సెప్టెంబరు 2024

అక్కకు,

నీ ఉత్తరం వార్డెన్ అన్న నవ్వుకుంటూ తెచ్చి ఇచ్చాడు. స్తోత్రం దగ్గర ఆయనకు పొలమారిందంట. నేను కూడా అంతదాకా నవ్వా. తర్వాత కవర్లోంచి సంతకం కాగితం కింద పడింది.

రెండు రోజులు జేబులో పెట్టుకుని తిరిగా. అన్నం తింటున్నప్పుడు కూడా తడిమి చూసుకున్నా. ఉందో లేదో వేళ్ళకు తెలియదు కదా, ప్రతిసారీ తీసి చూడాల్సి వచ్చింది. నీ సంతకం కింద తేదీ కోసం వదిలిన ఖాళీని చూస్తూ కూర్చున్నా. పెన్ను కూడా తీశా.

ఇన్నాళ్ళూ సంతకం లేదు కాబట్టి బయటికి పోతే బాగుండునని అనుకోవడం తేలికగా ఉండేది. నువ్వు ఆపుతున్నావని నీ మీద కోపం తెచ్చుకుంటే సరిపోయేది. ఇప్పుడు ఆపేవాళ్ళు లేరు. గేటు దాటితే తడ స్టాండులో బస్సు ఎక్కుతా. బస్సు నాయుడుపేటలో ఆగుతుంది. అక్కడ దిగుతానో లేదో, నిజంగా చెబుతున్నా అక్కా, నాకు తెలియదు. నువ్వు వెతకడానికి రాలేనన్నావు. ఆ మాట మళ్ళీ మళ్ళీ తీసి చదువుకున్నా.

నిన్న వంటింట్లో చింతపండు పిసుకుతుంటే చిటికెన వేలికి నీళ్ళ వేడి తెలిసినట్టయింది. భ్రమేమో. డాక్టరమ్మకు ఇంకా చెప్పలేదు, కాదంటుందేమోనని.

ఆదివారాలు ఇక్కడ ఇంటివాళ్ళను రానిస్తారు. మార్చి నుంచీ నన్ను చూడటానికి ఎవరూ రాలేదు, నేనూ ఎవరినీ రమ్మనలేదు. ఇప్పుడు అడుగుతున్నా. అత్తను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని రా. నన్ను తీసుకుపోవడానికి కాదు, చూసి పోవడానికి. సాంబారు నేనే వండుతా.

నువ్వు పంపిన కాగితం ఈ కవర్లోనే వెనక్కి పంపుతున్నా. ముందు దాన్ని నా దగ్గరే దాచుకుందామనుకున్నా. తర్వాత, పోనీ నువ్వు దాచిపెట్టు, ఎప్పుడైనా అడుగుతా అని రాద్దామనుకున్నా. వద్దు. ఎక్కడుందో నాకు తెలిసిన చోట అది ఉండకూడదు.

చింపెయ్ అక్కా.

నీ తమ్ముడు
బెన్హర్